నైనీతాల్‌కి రూమ్ బుక్ అయింది, ట్యాక్సీవాళ్లు మాత్రం ఎవరూ రామంటున్నారు. ఎందుకో చెప్పండి

అత్తాపూర్ అక్క:
పొద్దున్నుంచి ఫోన్ పట్టుకునే కూర్చున్నా, తల పగిలిపోతోంది. నైనీతాల్‌లో హోటల్‌కి డబ్బులు కట్టేశాం. కాఠ్‌గోదాం స్టేషన్ నుంచి ట్యాక్సీ మాట్లాడదామంటే ఒకతను మామూలు రేటుకి మూడింతలు చెప్తాడు, ఇంకొకతను ఆ రోజు కుదరదు మేడమ్ అని పెట్టేస్తాడు. ముప్పై అయిదు కిలోమీటర్లకి ఇంత బేరమా? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లెవరైనా దారి చెప్పండి.

ఉప్పల్ తమ్ముడు:
తారీఖు?

రైలు ప్రేమికుడు:
అక్కా, ముందు ఢిల్లీలో రైలు మారే సంగతి చూసుకోండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ చేరేసరికి కాఠ్‌గోదాం శతాబ్ది వెళ్లిపోయి ఉంటుంది, అది పొద్దున్నే బయల్దేరే బండి. ఆ రెండింటికీ ఒకే రోజు టికెట్లు తీసి ఇబ్బంది పడేవాళ్లున్నారు. రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి దిగుతారు. అయితే అది పాత ఢిల్లీ స్టేషన్లో ఎక్కాలి. జూన్ ఎండలో పెద్దావిడని ఊరంతా తిప్పకండి, రిటైరింగ్ రూమ్ తీసుకోండి.

అత్తాపూర్ అక్క:
ఢిల్లీ దాకా ఫ్లైటండీ. అక్కణ్నుంచి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్‌కే టికెట్లున్నాయి. నేనడిగింది ట్యాక్సీ గురించి.

చెరువు గట్టు:
ట్యాక్సీ సంగతి సరే, అందరూ ఎండాకాలంలో ఆ ఒక్క ఊరి మీదే ఎందుకు పడతారు? ఆ ఊరు తాగేది ఊళ్లోని నైనీ సరస్సు నీళ్లే. జనం పెరిగేకొద్దీ తోడటం పెరుగుతుంది. సరస్సుకి ఊట ఇచ్చేది పైనున్న సూఖాతాల్ అనే చెరువు, దాని చుట్టూ కట్టడాలు వచ్చేశాయి. 2017 వేసవిలో మట్టం పడిపోయి ఒడ్డున మట్టి తేలింది. 1880 సెప్టెంబరు 18న కొండచరియ విరిగిపడి 151 మంది పోయిన ఊరు అది. తర్వాత కొండ మీది వాన నీరు దిగడానికి నాలాలు కట్టించారు, అవి పూడిపోకుండా చూసుకుంటేనే ఊరు నిలుస్తుంది. హైదరాబాద్‌లో ఎన్ని చెరువులు పోగొట్టుకున్నామో తెలిసిన మనమే ఇవి పట్టించుకోకపోతే ఎట్లా?

ఉప్పల్ తమ్ముడు:
అన్నా, అక్క అడిగింది వేరు. అక్కా, తారీఖు చెప్పకుంటే ఎవరేం చెప్తరు?

అత్తాపూర్ అక్క:
జూన్ 14 పొద్దున దిగుతాం, 17న వాపసు. 15న భీమ్‌తాల్, 16న రామ్‌గఢ్ అనుకున్నాం. తారీఖుతో ఏం పని? పిల్లలు డిగ్రీ, బడులు తెరిచే గొడవ మాకు లేదు.

హల్ద్వానీ ఆడపడుచు:
పని అంతా తారీఖుతోనే అండీ. జూన్ 15 కైంచీ ధామ్ ప్రతిష్ఠా దినం. నీమ్ కరోలీ బాబా ఆశ్రమం, ఏటా ఆ రోజు పెద్ద మేళా, మాల్పువా ప్రసాదం కోసం లక్షల్లో వస్తారు. నైనీతాల్, భీమ్‌తాల్, రామ్‌గఢ్, అల్మోడా దారులన్నీ కలిసేది భవాలీలో, కైంచీకి జనం వెళ్లేదీ అక్కణ్నుంచే. పోలీసులు బండ్లు ఆపి షటిల్స్ నడుపుతారు. డ్రైవర్లు రామనేది అందుకే. ఇంతకీ హోటల్ ఏ ఊళ్లో?

అత్తాపూర్ అక్క:
నైనీతాల్ అని రాసుంది. కింద భవాలీ రోడ్ అని కూడా ఉంది.

రైలు ప్రేమికుడు:
అయితే అది నైనీతాల్ కాదు.

ఉప్పల్ తమ్ముడు:
ఎట్ల కాదు? జిల్లా నైనీతాలే కదా. భీమ్‌తాల్, రామ్‌గఢ్, ముక్తేశ్వర్ అన్నీ అదే జిల్లా. అబద్ధమేం రాయలే.

రైలు ప్రేమికుడు:
జిల్లా పేరు చూసి ఎవరూ రూమ్ తీసుకోరు తమ్ముడూ. శంషాబాద్‌లో హోటల్ పెట్టి చార్మినార్ పక్కనే అన్నట్టుంది.

హల్ద్వానీ ఆడపడుచు:
కొట్లాడకండి, పిన్‌కోడ్ చూస్తే తేలిపోతుంది. 263001 అయితే నైనీతాల్ ఊరు, 263136 అయితే భీమ్‌తాల్. ఊళ్లోనే అయినా మెట్లెన్నో ఫోన్ చేసి అడగండి. మాల్ రోడ్డు సరస్సు పక్కనే చదునుగా ఉంటుంది, హోటళ్లు చాలావరకు పైన కొండ మీదుంటాయి. సీజన్లో సాయంత్రాలు మాల్ రోడ్డు మీదికి బండ్లు వదలరు, అమ్మగారిని సరస్సు ఒక చివరనున్న తల్లీతాల్ నుంచి ఈ-రిక్షాలో తీసుకెళ్లొచ్చు.

నన్నడిగితే 14న కాఠ్‌గోదాం నుంచి రాణీబాగ్ మీదుగా నేరుగా భీమ్‌తాల్ వెళ్లిపోండి, ఆ దారి భవాలీని తాకదు. రెండు రాత్రులు అక్కడే ఉండండి. నౌకుచియాతాల్ సరస్సు నాలుగైదు కిలోమీటర్లే, పెద్దావిడ ఒడ్డునే కూర్చోవచ్చు. 16న నైనీతాల్ పెట్టుకోండి. రామ్‌గఢ్‌లో ఆ రోజుల్లో ఆప్రికాట్లు, పీచ్ పళ్లు బాగుంటాయి, వదలాలంటే నాకే మనసొప్పదు. కాని భవాలీ దాటి వెళ్లాలి కాబట్టి ఈసారికి వద్దు. కొండ మీది ఊరు కావాల్సిందే అంటే పదంపురి, ధానాచూలీ మీదుగా ముక్తేశ్వర్ వెళ్లొచ్చు.

చెరువు గట్టు:
భీమ్‌తాల్‌కీ నీటి కష్టం ఉంది. అక్కడ ఆనకట్ట సంగతి కూడా...

అత్తాపూర్ అక్క:
హోటల్‌వాళ్లు తేదీ మార్చం అంటున్నారు, రేపు మళ్లీ అడుగుతా. భీమ్‌తాల్‌కి మామూలు రేటుకే ఒకతను ఒప్పుకున్నాడు. థాంక్సండీ.

ఉప్పల్ తమ్ముడు:
పిన్‌కోడ్ ఏమొచ్చింది అక్కా?