అమ్మానాన్నలకి గొరిల్లాలు చూపించాలి, ఉగాండాలో బ్విండీ అడవికి వెళ్ళినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే, నేను కంపాలా వచ్చి రెణ్ణెల్లైంది. డిసెంబర్లో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అడవిలో నడవగలరా? గొరిల్లాలని చూసే పర్మిట్ ఎలా?

తమ్ముడూ వెల్‌కమ్. ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో, పర్మిట్ చేతికి రాకుండా లాడ్జి బుక్ చెయ్యకు. బ్విండీకి ఒక్క గేటు కాదు, బుహోమా, రుహిజా, రుషాగా, ఎన్‌కురింగో అని నాలుగు వైపులున్నాయి, పర్మిట్ ఏ వైపుదైతే పొద్దున్నే అక్కడే ఉండాలి. నేను ఏజెంట్ మాట నమ్మి బుహోమాలో రూం తీసుకున్నా, తీరా చూస్తే పర్మిట్ రుషాగాది, ఇంక తెల్లారుజామున మూడింటికి లేచి ఆ మట్టిరోడ్ల మీద మా ఆవిడ తిట్లు తింటూ వెళ్ళా. పర్మిట్ ధర 2024 జులై నుంచి టూరిస్టుకి 800 డాలర్లు, వర్క్ పర్మిట్ ఉంటే నీకు 700. రువాండాలో 1500, కాబట్టి ఏడవకు. ఒక్కో గొరిల్లాల గుంపు దగ్గరికి ఎనిమిది మందినే పంపుతారు, చూసేది గంటే, కానీ నడక అరగంట అవ్వొచ్చు, ఐదారు గంటలూ అవ్వొచ్చు, అందుకే పొద్దున రేంజర్లకి నాన్నగారి మోకాళ్ళ సంగతి చెప్పి దగ్గర్లో ఉన్న గుంపు అడుగు. నడవలేకపోతే శబరిమల డోలీ లాంటిదే ఇక్కడా ఉంది, కుర్రాళ్ళు వంతులేసుకుని మోస్తారు, దానికి డబ్బు వేరే. ఆ రోజు దగ్గో జలుబో ఉంటే మాత్రం పంపరు, మన రోగాలు వాటికి ఇట్టే అంటుకుంటాయి.

అన్నయ్య ఎల్లో ఫీవర్ టీకా సంగతి మర్చిపోయారు. విమానం ఎక్కడానికి కనీసం పది రోజుల ముందే టీకా వేసుకుని ఆ కార్డు పట్టుకురావాలి, తిరిగి ఇండియాలో దిగినప్పుడూ అడుగుతారు. అరవై దాటినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేయించుకోకూడదు. ఇంక ప్యాంటు సాక్సుల్లోకి దోపెయ్యండి, చీమలు మామూలుగా కుట్టవు, దురదగొండి లాంటి మొక్కలుంటాయి, తోటపని గ్లౌజులు తెచ్చుకోండి. నేను పులిహోర కట్టుకెళ్ళా కానీ గొరిల్లాల దగ్గర తిననివ్వరు, బ్యాగులు వెనకే పెట్టించేస్తారు. మాస్కు పెట్టుకుని పది మీటర్ల దూరంలో నిలబడితే అంత పెద్ద మగది మన వంక చూడనైనా చూడకుండా కొమ్మ పీకి, పైచెక్క పళ్ళతో లాగి, అచ్చం చెరుకు నమిలినట్టు కరకరా నమిలింది, పిల్లది దాని వీపెక్కి జారి పడింది. వీడియో తియ్యడం కూడా మర్చిపోయా.

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. నాన్నకి 63, రేపే డాక్టర్ దగ్గరికెళ్ళమన్నా. డోలీ అనగానే "ఎవడికి మోకాళ్ళ నొప్పులు?" అంటున్నారు.