67 ఏళ్ల వయసులో టాంపాలో కారు నడపాలంటే: ఇన్సూరెన్స్ సంగతి

కూకట్‌పల్లి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్లు. గ్రీన్ కార్డ్ మీద వచ్చే నెల ఫ్లోరిడాలో, టాంపాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ముప్పై ఏళ్లుగా ఇక్కడ కారు నడుపుతున్నాను. క్లెయిమ్ అన్నమాటే లేదు, నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది. అయినా అక్కడి ఇన్సూరెన్స్ ఏజెంటు నన్ను హై రిస్క్ అన్నాడట. "మీ పేరు చెప్పొద్దులే నాన్నా, ఎప్పుడైనా గుడికేగా" అంటున్నాడు మావాడు. అలా పాలసీలో పేరు లేకుండా వాడి కారు నడపొచ్చా?

వనస్థలిపురం నుంచి జవాబు:

అన్నయ్య గారూ, వద్దు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది.

మేం టాంపాలో నాలుగేళ్లు ఉండి వచ్చాం. వెళ్లిన మూడో నెలలో మా వారు కూరగాయల కోసమని అబ్బాయి కారు తీశారు. పార్కింగ్ లోంచి ఎడమకు తిరగాలి. ఇక్కడి అలవాటు కొద్దీ ఇండికేటర్ కోసం కుడి చేతి పుల్ల నొక్కారు. అక్కడ అది వైపర్. మండే ఎండలో వైపర్లు ఆడుతుంటే చూపు ఒక్క క్షణం వాటి మీదికి పోయింది, అంతే, ఎదురుగా వస్తున్న కారు తలుపుకు తగిలించేశారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, దేవుడి దయ. కంపెనీ వాళ్లు ముందుగా అడిగింది ఒక్కటే: "ఈయన ఎన్నాళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నారు?" మూడు నెలలుగా ఉంటున్నా పాలసీలో పేరు లేదు. క్లెయిమ్ తోసేశారు, పాలసీ కూడా రద్దు చేశారు. ఖర్చంతా మావాడే భరించాడు. మా వారు నెల రోజులు సరిగా అన్నం తినలేదు.

చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లు ఒకసారి నడిపితే అది వేరు. అదే ఇంట్లో కాపురం ఉంటూ లైసెన్స్ ఉన్న మనిషిని దాచడం వేరు. మీ పేరు పాలసీలో రాయించండి, ప్రీమియం పెరిగినా సరే.

హై రిస్క్ అన్నారని మనసు కష్టపెట్టుకోకండి. మీరు సరిగా నడపరని కాదు దాని అర్థం. మన దగ్గర ఇన్సూరెన్స్ బండిని చూసి ఇస్తారు. 1000 నుంచి 1500 సీసీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో 3,416 రూపాయలుగా పెట్టారంటే, నడిపేది పాతికేళ్ల కుర్రాడైనా 75 ఏళ్ల తాతయ్యైనా అంతే. అక్కడ మనిషిని చూస్తారు. వయసు, అక్కడి రోడ్ల మీద ఎన్నేళ్ల రికార్డు ఉంది, ఫ్లోరిడాలోనైతే క్రెడిట్ స్కోర్ కూడా. మీ ముప్పై ఏళ్లు వాళ్ల కంప్యూటర్‌లో లేవు కదా! అందుకే ఆర్టీఏ నుంచి లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ (మీ లైసెన్స్ వివరాల పత్రం), మీ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకెళ్లండి. అందరూ లెక్కలోకి తీసుకోరు గానీ అడగడంలో తప్పు లేదు. అక్కడ స్థిరపడ్డాక 30 రోజుల్లో ఫ్లోరిడా లైసెన్స్ తీసుకోవాలి. రాత పరీక్షలో 50 ప్రశ్నలకు 40 సరిగ్గా రాయాలి. 55 దాటిన వాళ్లకు ఆరు గంటల కోర్సు ఒకటి ఉంది. అది చేస్తే మూడేళ్లపాటు డిస్కౌంట్ ఇస్తారు, లైసెన్స్ రాగానే చేసేయండి.

ఇక అసలు విషయం వైద్యం. గ్రీన్ కార్డ్ మీద కొత్తగా వెళ్లిన మనకు ఐదేళ్లు వరసగా అక్కడ ఉంటే గానీ మెడికేర్, అంటే పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా, రాదు. ఫ్లోరిడాలో కారు ఇన్సూరెన్స్‌లో తప్పనిసరి అయిన పీఐపీ (సొంత గాయాలకు ఇచ్చే) కవర్ 10,000 డాలర్ల వరకు ఉంటుంది. తప్పెవరిదైనా మన వైద్య ఖర్చులో 80 శాతం ఇస్తుంది. కానీ ప్రమాదం జరిగిన 14 రోజుల్లోపు డాక్టరుకు చూపించుకోవాలి, లేకపోతే అది కూడా రాదు. మన పెద్దవాళ్లు "కాస్త నడుం పట్టిందంతే" అని జండూబామ్ రాసుకుని రెండు వారాలు గడిపేస్తారు. అలా చేయకండి. ఇంకోటి, అక్కడ ఎదుటివాడి గాయాలకు డబ్బిచ్చే కవర్ మామూలుగా తప్పనిసరి కాదు. మిమ్మల్ని గుద్దినవాడి దగ్గర ఏమీ లేకపోవచ్చు. అందుకే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్ తప్పకుండా తీసుకోండి. దాన్ని తీసేసి ప్రీమియం తగ్గిస్తామంటారు, ఒప్పుకోవద్దు.

కూకట్‌పల్లి నుంచి:

చాలా థాంక్స్ చెల్లెమ్మా, అబ్బాయికి మీ జవాబు చదివి వినిపించాను. తుఫాన్ల సంగతేమిటి? ఒకవేళ ఏ కంపెనీ ఇవ్వనంటే?

వనస్థలిపురం నుంచి:

2020 అక్టోబరులో మన హైదరాబాద్‌లో కార్లు ఎలా మునిగాయో చూశారుగా. అక్కడ వచ్చేది ఉప్పునీళ్లు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు మా పక్క వీధిలో ఒక కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు పోయాక తలుపు మీద తెల్లటి ఉప్పు గీత మిగిలింది. ఇంజిన్ పనికిరాలేదు. వాళ్లకు కాంప్రహెన్సివ్ ఉంది కాబట్టి డబ్బొచ్చింది. వరద నష్టం అందులోనే వస్తుంది, కానీ తుఫాను దగ్గరికొచ్చేస్తోందని చెప్పాక కొత్తగా అమ్మరు. జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం, అందుకని ముందే తీసుకోండి.

అందరూ కాదంటే ఫ్లోరిడా ఆటోమొబైల్ జాయింట్ అండర్‌రైటింగ్ అసోసియేషన్ ఉంది, ఎవరూ ఇవ్వనివాళ్ల కోసమే పెట్టారు. ఖరీదెక్కువ. మీకు అంతదాకా రాదని నా నమ్మకం. ఎవరైనా ఎఫ్‌ఆర్-44 అనే ఇన్సూరెన్స్ పత్రం కావాలంటే మాత్రం నమ్మకండి, అది తాగి నడిపి దొరికిన వాళ్లకు.

వెళ్లగానే ఆదివారం పొద్దున్నే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ పార్కింగ్‌లో ఎడమ చేత్తో ఇండికేటర్ వేయడం అలవాటు చేసుకోండి. వదినగారికి నా నమస్కారాలు చెప్పండి.