నాన్నకి ఎంత పడుకున్నా నీరసం తగ్గట్లేదు. నడిపించాలా, పడుకోనివ్వాలా?

పెద్దకూతురు

నాన్నకి 67 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది. రెండు వారాలకోసారి కీమో, మందు మెల్లగా ఎక్కే పంపు పెట్టి ఇంటికి పంపిస్తారు. నొప్పి మందులతో అదుపులోనే ఉంది. మనిషిని పడగొడుతున్నది నీరసం. రాత్రి తొమ్మిది గంటలు, పగలు ఇంకో నాలుగు గంటలు పడుకుంటారు. లేచి "పడుకున్నట్టే లేదే" అంటారు. మొన్న చొక్కా వేసుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయి మంచం మీద కూర్చున్నారు. నేను పెడతానంటే చెయ్యి తోసేశారు. కాసేపాగి తనే పెట్టుకున్నారు.

పోయినసారి డాక్టర్ గారు "కొంచెం వ్యాయామం చేయించండి" అని ఒక్క ముక్క అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. కొంచెం అంటే ఎంత? అమ్మేమో "ఓపికే లేని మనిషిని నడిపిస్తావా" అని నా మీద పడుతోంది. తమ్ముడు వీడియోలు పంపుతున్నాడు, అందులో వాళ్లంతా గెంతుతుంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కుర్చీదాకా

నేను పేషెంట్‌నే. రొమ్ము క్యాన్సర్, తుంటి ఎముకలోకి వచ్చి మూడేళ్లయింది. మీ అమ్మగారిది తప్పేం కాదు, నేనూ అలాగే అనుకున్నాను. అలసటొస్తే పడుకోవాలి, ఎవరైనా అదే చేస్తారు. కానీ ఈ అలసట పనిచేస్తే వచ్చేది కాదు, పడుకుంటే పోయేదీ కాదు. అది తెలియక నాలుగు నెలలు మంచం దిగలేదు. ఒకరోజు బాత్రూంలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. తొడల్లో కండ కరిగిపోయింది. క్యాన్సర్ చేసింది కొంత, మంచం చేసింది ఇంకొంత.

ఫిజియో అమ్మాయి నాకు చెప్పిన మొదటి వ్యాయామం వింటే నవ్వుతారు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. నాలుగుసార్లు. అంతే, ఆ పూటకి అయిపోయింది. కుర్చీ గోడకి ఆనించి పెట్టాలి, జారకుండా. కావాలంటే చేతులు ఆనించుకోవచ్చు. మూడు రోజులకోసారి ఒకటి పెంచుకుంటూ పోయాను. తర్వాత వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడక, ఆ చివర ఇంకో కుర్చీ. నా పేరు ఎక్కడిదో అర్థమైంది కదా.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు పొద్దున్నే హుషారుగా అనిపించింది. ఇన్నాళ్లదీ ఇవాళే తీర్చేద్దామని నలభై నిమిషాలు నడిచి, బీరువా మొత్తం సర్దాను. తర్వాత మూడు రోజులు లేవలేదు. చెడ్డ రోజుతో ప్రమాదం లేదు, అది చెప్పే వస్తుంది. మోసం చేసేది మంచి రోజే. ఇంకా కొంచెం చేయగలననిపిస్తున్నప్పుడే ఆపేయండి.

మీ నాన్నగారికి కీమోతో స్టెరాయిడ్ ఇస్తుంటే మొదటి ఒకటి రెండు రోజులు చలాకీగా ఉండి, పంపు తీశాక చప్పబడిపోవచ్చు. క్యాలెండర్ మీద రోజూ నీరసానికి పదికి మార్కులు వేయించండి. రెండు మూడు విడతల కీమో అయ్యేసరికి ఏ రోజులు ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. నీరసం బాగా ఎక్కువున్న రోజుల్లో మంచం పక్కన నిలబడినా చాలు. స్నానం చేసిన పూట వ్యాయామం వద్దు, స్నానమే వ్యాయామం.

ఫిజియో14

పైన ఆవిడ చెప్పినదాంట్లో నేను మార్చేదేం లేదు. దానికి ముందు చేయాల్సింది ఒకటుంది. నీరసం మొత్తాన్నీ క్యాన్సర్ ఖాతాలో వేసేయకండి. హిమోగ్లోబిన్ ఎంతుంది, థైరాయిడ్ చూశారా, నొప్పి మాత్రల వల్ల మగతా, తిండి తగ్గిందా, దిగులుగా ఉంటున్నారా, ఇవన్నీ డాక్టర్‌ని అడగండి. రక్తం బాగా తగ్గిన మనిషికి ఎన్ని వ్యాయామాలు చెప్పినా ఆయాసమే మిగులుతుంది.

జ్వరం ఉన్న రోజు ఏమీ వద్దు. ప్లేట్‌లెట్లు 50 వేల లోపుంటే నేను లాగి చేసే వ్యాయామాల రబ్బరు బ్యాండ్లు పక్కన పెట్టిస్తాను, 20 వేల లోపైతే డాక్టర్‌ని అడక్కుండా ఏదీ చేయించను. పెద్దపేగుకి ఇచ్చే కీమో మందుల్లో కొన్నిటితో అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. కాలు ఎక్కడ పడుతోందో తెలియక తూలతారు. అందుకే చెప్పులు జారనివి కావాలి, పక్కన మనిషుండాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే ఆపేసి ఫోన్ చేయండి. ఎముకలకి పాకినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: కొత్తగా నడుం నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం లాంటివి కనిపిస్తే వ్యాయామం సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఎంత వేగంగా అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి.

దీనితో నీరసం పోతుందా అంటే, నిజం చెబుతాను. 2024లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్‌లో, వేరే భాగాలకి పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 357 మంది ఉన్నారు. తొమ్మిది నెలలు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లకి నీరసం తగ్గింది. అంతకుముందు 2011లో నార్వేలో, నయం కాని క్యాన్సర్ ఉన్న 231 మందిని తీసుకుని, వాళ్లలో దాదాపు సగం మందితో ఎనిమిది వారాలు చేయించారు. అక్కడ నీరసంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ నడిచే దూరం, చేతి పట్టు మెరుగయ్యాయి. నన్నడిగితే ఆ రెండోది చిన్న లాభమేం కాదు. గుండీలు సొంతంగా పెట్టుకోవాలనుకునే మనిషికి కావాల్సింది అదే కదా.

మా_ఆయనకోసం

ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా ఆయన చివరి నెలలో కూడా నేను "లేవండి, నడవకపోతే ఎలా" అని వెంటపడ్డాను. అప్పటికి ఆయన రోజులో చాలా భాగం నిద్రలోనే ఉండేవారు. ఒకరోజు మెల్లగా "ఇవాళ వదిలెయ్యవే" అన్నారు. ఇప్పటికీ ఆ మాట వినపడుతుంటుంది. అంతకుముందు ఆరు నెలలు నడక ఆయనకి నిజంగా మేలు చేసింది, అది కాదనను. కానీ ఒక దశ వస్తుంది. అప్పుడు పాదాలు కదిలించడం, ఒత్తిగిలి పడుకోబెట్టడం, అంతే. ఆ దశ వచ్చిందో లేదో మీ అంతట మీరు తేల్చుకోకుండా డాక్టర్‌ని సూటిగా అడగండి. నేను అడగలేదు.

పెద్దకూతురు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. హిమోగ్లోబిన్ 7.6 అని తేలింది. రక్తం ఎక్కించారు. ఆ వారం కాస్త తేలికపడ్డారు. ఇంకా చేయించొచ్చా అని డాక్టర్ గారినే సూటిగా అడిగాను. చేయించొచ్చు, ఇది ఆ దశ కాదు అన్నారు. మా_ఆయనకోసం గారూ, మీ మాట లేకపోతే నాకు అడగాలని తట్టేది కాదు.

నాన్న ఇప్పుడు పొద్దున ఆరు, సాయంత్రం నాలుగు లేచి కూర్చోవడాలు చేస్తున్నారు. పంపు తీసిన మర్నాడు మాత్రం ఒక్కసారి లేచి, "హాజరు వేసుకో" అని మళ్లీ పడుకున్నారు. సరేనన్నాను. నీరసం మార్కులు 8 నుంచి 6కి వచ్చాయి, మళ్లీ ఒక వారం 7. రక్తం వల్లో, కుర్చీ వల్లో చెప్పలేను.

ఆయన ఐదు చేసి ఆరు అంటున్నారని అమ్మ కనిపెట్టింది. ఇప్పుడు తనే ఎదురుగా కూర్చుని లెక్కపెడుతోంది. చొక్కా మాత్రం కూర్చునే వేసుకుంటున్నారు, గుండీలన్నీ ఆయనే.

ఫిజియో14 గారూ, అరికాళ్ల తిమ్మిరి నిజంగానే ఉందట, అడిగితే గానీ చెప్పలేదు. నిలబడి చేసేవి తగ్గించమంటారా, లేక గోడ పట్టుకుని చేయించొచ్చా?