తొండంతో పట్టుకుంటే బలం ఎలా లెక్కేయాలి? (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, 5వ ఎడిషన్ అంటే 5ఈ, 2014 రూల్స్)

గజబలం: మా గ్రూపులో నేను లాక్సోడాన్ (ఏనుగు తలున్న జాతి) పాత్ర ఆడుతున్నాను, బలం 16. మొన్న ఓర్క్ అనే రాక్షసుణ్ణి తొండంతో పట్టేశాను. పైకెత్తి గోడ అవతల పడేస్తానంటే డీఎం (ఆట నడిపేవాడు) కుదరదన్నాడు. తొండంతో గ్రాపుల్ (శత్రువుని పట్టి ఆపడం) చేయొచ్చని రూల్‌లోనే ఉంది కదా! మీ దగ్గర ఎలా ఆడతారు?

పాచికలపిచ్చి: మీ డీఎం చెప్పింది కరెక్టే అండీ. తొండం ఎత్తగలిగేది బలానికి 5 రెట్లు పౌండ్లే. అంటే మీకు 80 పౌండ్లు, సుమారు 36 కిలోలు. ఓర్క్ అంతకు రెండింతలు పైనే ఉంటాడు. గ్రాపుల్‌కి మాత్రం ఆ లెక్క లేదు, మీ అథ్లెటిక్స్ (బలం మీద ఆధారపడే నైపుణ్యం) మొత్తం పనిచేస్తుంది. మా టేబుల్‌లో తొండంతో పట్టి, సగం వేగంతో ఈడ్చుకెళ్లనిస్తాం. అసలు లాభం అది కాదు. రెండు చేతులూ ఖాళీ! కత్తీ డాలూ వదలకుండానే శత్రువుని కదలకుండా ఆపేయొచ్చు.

పాతకాపు: పాత 3.5 ఎడిషన్‌లో ఇది ఇంకా కచ్చితంగా ఉండేది. ఇంప్రూవ్డ్ గ్రాబ్ (దెబ్బ తగలగానే పట్టేసే శక్తి) ఉన్న జంతువు పట్టిన అవయవంతోనే బిగించి ఉంచాలంటే గ్రాపుల్ చెక్‌లో (పాచిక వేసి తేల్చే మొత్తంలో) 20 తగ్గుతుంది, కానీ అది మాత్రం గ్రాపుల్‌లో ఇరుక్కోదు. మీడియం (మనిషంత) సైజు దాటిన ప్రతి సైజుకీ 4 కలుస్తుంది కాబట్టి భారీ జంతువులకే ఆ 20 గిట్టుబాటు. నాకిప్పటికీ అదే న్యాయంగా అనిపిస్తుంది.

గుహలోడీఎం: 5ఈలోనూ పట్టే అవయవాన్ని బట్టి తేడా ఉంది, స్టాట్ బ్లాకుల్లో (మాన్‌స్టర్ల అంకెల పట్టికల్లో) దాక్కుంది. 2014 పుస్తకంలో మొసలికీ, కన్‌స్ట్రిక్టర్ పాముకీ బలం 15. మొసలి నోట్లోంచి తప్పించుకోవడానికి డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 12, పాము చుట్టలోంచి అయితే 14. నేను కొత్త మాన్‌స్టర్ తయారుచేస్తే ఇదే పట్టుకుంటాను: దవడకి 10 ప్లస్ బలం మాడిఫయర్ (బలం 15కి అది 2), చుట్టేసే శరీరానికి ఇంకో 2.

గజబలం: థాంక్సండీ, ఎత్తడం, పట్టడం వేరని ఇప్పుడు అర్థమైంది. మరి ఆ ఓర్క్ నా తొండాన్ని నరికితే?

గుహలోడీఎం: రోపర్ అనే మాన్‌స్టర్ టెండ్రిల్‌కి (పట్టుకునే తీగకి) ఏసీ (దెబ్బ తగలడానికి అందుకోవాల్సిన అంకె) 20, హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 10 అని విడిగా ఇచ్చారు, నరికితే ఊడుతుంది. తొండానికి అలాంటిదేమీ ఇవ్వలేదు. దెబ్బ మామూలుగా మీ హెచ్‌పీకే తగులుతుంది. ఆటగాడి అవయవం తెగ్గొట్టడం నా టేబుల్‌లో అస్సలు ఒప్పుకోను.