నీళ్లు లేక కొరతా, పంపకం సరిగా లేక కొరతా?

ప్రశ్న

నీటి ఎద్దడి గురించి ఎక్కడ చర్చ జరిగినా వానలు తగ్గాయని, భూగర్భజలాలు అడుగంటాయని, జనాభా పెరిగిందని చెప్పి ముగిస్తున్నారు. ఆ కారణాలను నేను కాదనడం లేదు. అయితే ఒకే జలాశయం నుంచి ఒకే గొట్టం ద్వారా నీళ్లు అందుకునే రెండు వీధులలో ఒక వీధివారు మొక్కలకు ధారాళంగా నీళ్లు పెట్టుకుంటూ ఉండగా, రెండవ వీధివారు తెల్లవారకముందే లేచి ఖాళీ బిందెలను వరుసలో పెట్టి కూర్చోవలసి వస్తున్నదంటే, ఆ తేడాకు వానను కారణంగా చూపడం నాకు న్యాయంగా తోచడం లేదు. వాన రెండు వీధులకూ ఒక్కటే కదా.

నేను తెలుసుకోదలచినవి రెండు. పంపిణీలో ఈ తేడా అసలు ఏ చోట, ఏ విధంగా పుడుతుంది? నీటికి ధర పెడితేనే దుబారా తగ్గుతుందని కొందరు, ధర పెడితే లేనివారి గొంతు ఎండుతుందని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలలో దేనికి ఆధారం ఉంది? అనుభవం గానీ అధ్యయనం గానీ ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు

నేను చాలా ఏళ్లు నీటి సరఫరా గొట్టాల నిర్వహణ పనిలో ఉన్నాను కనుక మీ మొదటి ప్రశ్నకే పరిమితమై రాస్తాను. తేడాకు మూలం విడతలవారీ సరఫరాలో ఉంది. రోజంతా కొద్దికొద్దిగా వాడుకుంటారన్న లెక్కతో వేసిన గొట్టంలోకి రెండు గంటలు మాత్రమే నీళ్లు వదిలితే, అందరూ ఒక్కసారిగా కుళాయిలు తిప్పుతారు. ప్రవాహం పెరిగిన కొద్దీ గొట్టం గోడల రాపిడి వల్ల ఒత్తిడి పడిపోతుంది. ట్యాంకుకు దగ్గరగానో పల్లంలోనో ఉన్న ఇళ్లు నిండుతాయి, దూరాన మిట్టమీద ఉన్న ఇళ్లకు గాలి మిగులుతుంది. చివరి కుళాయి దగ్గర నిలబడి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ముందు బుసబుసమంటూ గాలి వస్తుంది, తరువాత తుప్పు రంగు నీళ్లు వస్తాయి, అవి తేటపడేసరికి ధార దారంలా సన్నబడుతుంది, బిందె సగం కాకముందే అదీ ఆగిపోతుంది. అదే సమయంలో మొదటి ఇంటి సంపు నిండి పొర్లుతూ ఉంటుంది.

దీనికి తోడు స్థోమత ఉన్నవారు గొట్టానికే నేరుగా మోటారు బిగిస్తారు. అది పక్కవారి వాటాను లాగడంతో ఆగదు. గొట్టంలో ఒత్తిడి బయటి ఒత్తిడికన్నా తగ్గినప్పుడు, పగిలిన అతుకుల గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. ఆ మురికి అందరి కుళాయిలకూ వెళుతుంది, కానీ ఇంట్లో శుద్ధి యంత్రం ఉన్నవారు దానిని తప్పించుకుంటారు, లేనివారి పిల్లలు విరేచనాలతో మంచం పడతారు. నిల్వ సంగతి కూడా అంతే. నేల కింద సంపు, మేడ మీద ట్యాంకు ఉన్నవారికి రెండు గంటల సరఫరా ఇరవై నాలుగు గంటల సరఫరాతో సమానం. నాలుగు బిందెలు తప్ప మరేమీ లేనివారికి అది నాలుగు బిందెల నీళ్లే.

దీనిని సరిచేయడం అసాధ్యమని మాత్రం అనుకోకండి. కాంబోడియా రాజధాని ఫ్నోమ్‌పెన్‌లో 1993 నాటికి సరఫరా చేసిన నీటిలో 72 శాతం లీకుల వల్ల, దొంగ కనెక్షన్ల వల్ల లెక్కకు అందకుండా పోయేది. ఏక్ సోన్ చాన్ నాయకత్వంలో అక్కడి నీటి సంస్థ గొట్టాలు మార్చింది, ప్రతి కనెక్షనుకూ మీటరు పెట్టింది, పలుకుబడి గలవారి చేత కూడా బిల్లు కట్టించింది, పేద కుటుంబాలకు కనెక్షన్ రుసుములో రాయితీ ఇచ్చి వాయిదాలలో కట్టే వీలు కల్పించింది. ఇరవై ఏళ్లు తిరగకముందే నష్టం 6 శాతం దరిదాపులకు దిగి, రోజంతా నీళ్లు రావడం మొదలైంది. ఆ పనికి ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ నగరానికి కొత్త నది ఏదీ రాలేదన్న సంగతిని, నీళ్లు లేవని చేతులెత్తేసే ప్రతి ఇంజనీరుకూ గుర్తు చేయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రెండవ జవాబు

ధర విషయంలో మనం ఒక పొరపాటు తరచుగా చేస్తాము. పేదవారు ఇప్పుడు ఉచితంగా నీళ్లు తాగుతున్నారని, ధర పెడితే కొత్తగా భారం పడుతుందని అనుకుంటాము. నిజానికి కుళాయి కనెక్షన్ లేని కుటుంబం ట్యాంకరు దగ్గరో డబ్బాల లెక్కన అమ్మేవారి దగ్గరో కొనే నీటికి, కనెక్షన్ ఉన్న కుటుంబం చెల్లించే దానికన్నా లీటరుకు ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లిస్తుంది. వారిని గడప బయటే నిలిపేది చాలాచోట్ల నెలవారీ బిల్లు కాదు, ఒకేసారి కట్టవలసిన కనెక్షన్ రుసుమూ, ఇంటి పట్టా చూపించమనే నిబంధనా. పట్టా లేని బస్తీకి గొట్టం వేస్తే ఆక్రమణను గుర్తించినట్లవుతుందన్న వాదన వల్ల తరాల తరబడి మనుషులు నీళ్లు మోస్తూనే ఉన్నారు. దాహానికి పట్టాతో ఏమి సంబంధం?

వాడకం పెరిగిన కొద్దీ రేటు పెరిగే శ్లాబు పద్ధతి పేదలకు మేలు చేస్తుందన్న నమ్మకం ఉంది. ఒక ఇంటికి ఒక కుటుంబం ఉన్నంతవరకు అది నిజం కావచ్చు. నాలుగు కుటుంబాలు ఒకే మీటరు మీద బతికే చోట అందరి వాడకమూ కలిసి పై శ్లాబులోకి వెళుతుంది, తలకు తక్కువ వాడుకున్నవారే లీటరుకు ఎక్కువ కడతారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2001లో ప్రతి ఇంటికీ నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే విధానాన్ని తెచ్చింది. ఎనిమిది మంది ఉన్న ఇంటిలో అది మనిషికి రోజుకు 25 లీటర్లే అవుతుంది, ఒకే ఆవరణలో ఇంకా ఎక్కువ మంది ఉంటే నెల మధ్యలోనే అయిపోతుంది. అక్కడి జొహానెస్‌బర్గ్ నగరపు సొవెటోలో ఫిరి అనే బస్తీ వాసులు ముందస్తు చెల్లింపు మీటర్ల మీద, ఈ పరిమాణం మీద న్యాయస్థానానికి వెళ్లగా, కింది న్యాయస్థానం మనిషికి 50 లీటర్లు ఇవ్వాలన్నది, కానీ 2009లో రాజ్యాంగ న్యాయస్థానం ఎన్ని లీటర్లని నిర్ణయించడం తన పని కాదని ఆ తీర్పును పక్కన పెట్టింది. మరుసటి ఏడాది, 2010 జులై 28న, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ నీటిని మానవ హక్కుగా గుర్తించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, ఒక్క దేశమూ వ్యతిరేకించలేదు, 41 దేశాలు తటస్థంగా ఉన్నాయి. హక్కుగా గుర్తించినంత మాత్రాన కుళాయిలో నీళ్లు రావు గాని, కొన్ని చోట్ల చట్టం గట్టిగానే నిలబడింది. బిల్లు కట్టలేదన్న కారణంతో ఇంటి నీళ్లు ఆపరాదని ఇంగ్లండు, వేల్సులలో 1999 చట్టం నిషేధించింది.

కనుక నా అభిప్రాయంలో ధర ఉండాలి, కానీ బతకడానికి కావలసిన మేర మనుషుల లెక్కన ఉచితంగా ఇవ్వాలి, ఆ పైన తోటలకూ ఈతకొలనులకూ పోయే నీటి మీద అసలు ఖర్చంతా రాబట్టాలి.

మూడవ జవాబు

పై ఇద్దరి మాటలూ చాలావరకు అంగీకరిస్తూనే, కొరత పూర్తిగా పంపకం సమస్యేనని తేల్చివేయడం సరికాదని చెప్పదలచుకున్నాను. భూగర్భజలం నిజంగానే దిగిపోతున్నది, అది దిగిపోయేటప్పుడు కూడా అందరినీ ఒకే వరుసలో దెబ్బతీయదు. ముందు చేదబావి ఎండుతుంది, తరువాత చేతిపంపు ఆగుతుంది, ఆ తరువాత తక్కువ లోతు బోరు. మరింత లోతుకు తవ్వించగలిగినవారు అప్పటికి ఇంకా తోడుతూనే ఉంటారు.

అయితే ఒక చిన్న లెక్క చూడండి. ఏడాదికి తలసరి 500 ఘనపు మీటర్లకన్నా తక్కువ నీరు లభించే ప్రాంతాన్ని నిపుణులు తీవ్రాతితీవ్ర కొరత ప్రాంతమని పిలుస్తారు. మనిషికి రోజుకు 50 లీటర్ల చొప్పున లెక్కగట్టినా ఏడాదికి 18 ఘనపు మీటర్లకు కాస్త పైన, అంటే ఆ 500లో నాలుగు శాతం కూడా కాదు. ప్రపంచంలో మనుషులు నదుల నుంచి, భూమి నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సాగుకు వెళుతున్నది. కాబట్టి పంటకూ పరిశ్రమకూ నీళ్లు చాలకపోవడం నిజమైన కొరత కావచ్చు గాని, తాగడానికీ వండుకోవడానికీ నీళ్లు చాలకపోవడం దాదాపు ఎక్కడైనా మనుషులు నిర్ణయించినదే.

కేప్‌టౌన్‌లో 2018లో కుళాయిలు కట్టేసే రోజు వస్తుందని హెచ్చరించి, మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. ఆ రోజు వస్తే వరుసలో నిలబడి 25 లీటర్లు తెచ్చుకోవాలన్నది ప్రణాళిక. ప్రపంచమంతా ఆ వరుసను ఊహించుకుని భయపడింది. ఆ నగరపు రేకుల ఇళ్ల బస్తీలలో ఉమ్మడి కుళాయి దగ్గర వరుస కట్టడం అంతకుముందు నుంచీ రోజూ జరుగుతున్న పనే.

ఇంకొక సంగతి. కాలుష్యం చేరకుండా రక్షణ ఉన్న నీటి వనరు రాకపోకలూ వేచి ఉండడమూ కలిపి 30 నిమిషాలలో అందితే, అంతర్జాతీయ గణాంకాలలో ఆ కుటుంబానికి కనీస సేవ ఉన్నట్లే. ఐదుగురికి తలా 50 లీటర్లంటే 250 లీటర్లు. ఒక డబ్బా 20 లీటర్లు, అంటే 20 కిలోల బరువు. పదమూడు సార్లు తిరగాలి, ఒక్కొక్క సారికి అరగంట చొప్పున ఆరున్నర గంటలు. ఇంత సమయం ఎవరికీ ఉండదు కనుక, ఆ ఇంటివారు నీటినే తగ్గించుకుంటారు. మొదట స్నానం, తరువాత చేతులు కడుక్కోవడం. ఇంట్లో నీళ్లు లేని ప్రతి పది కుటుంబాలలో ఏడింటిలో ఈ మోత స్త్రీల మీదా ఆడపిల్లల మీదా పడుతున్నదని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చెబుతున్నది. నా చిన్నతనంలో మా అక్క బడికి ఆలస్యంగా వెళ్లడానికి కారణం ఇదే. ఆమె తలమీద బిందె చుట్ట గుర్తు చాలా కాలం పోలేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. తలసరి సగటు ఎంత మోసం చేయగలదో ఇప్పుడు అర్థమైంది. మా ప్రాంతపు నీటి అధికారులను అడిగినప్పుడల్లా సగటు లీటర్ల సంఖ్యే చెబుతున్నారు. చివరి ఇళ్లకు అన్యాయం జరుగుతున్నదని వారికి రుజువుతో చూపించాలంటే మేము ఏమి సేకరించాలి?

మొదటి జవాబు రాసినవారు

గొప్ప పరికరాలేవీ అక్కరలేదు. లైను మొదట్లో రెండు ఇళ్లు, మధ్యలో రెండు, చివర రెండు ఎంచుకోండి. రెండు వారాలపాటు ప్రతిరోజూ మూడు అంశాలు రాయండి: నీళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు ఆగాయి, వచ్చిన పావుగంటకు పది లీటర్ల బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టింది. మోటారు ఆపి, కుళాయి పూర్తిగా తిప్పి కొలవాలి. తుప్పు నీళ్లు ఎంతసేపు వదిలేయవలసి వచ్చిందో పక్కన రాసుకోండి, ఆ పారబోసిన నీళ్లు కూడా వారి సగటు లెక్కలో మీరు వాడుకున్నట్లే ఉంటాయి. ఆరు ఇళ్ల అంకెలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి ఇవ్వండి. వాల్వు తిప్పే మనిషిని నిందించకండి, ఏ వీధికి ఎంతసేపు వదలాలో రాసి ఉన్న సమయ పట్టికను చూపించమని అడగండి.