ఎల్‌ఎంఎస్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) కోర్సు అయిపోయినా ‘ఇన్‌కంప్లీట్’ అనే చూపిస్తోంది

ప్రశ్న (మడికొండ, వరంగల్): సేఫ్టీ కోర్సు స్కార్మ్ 1.2 (కోర్సు, ఎల్‌ఎంఎస్ మాట్లాడుకునే ప్రమాణం) ప్యాకేజీ, మూడ్ల్ అనే ఎల్‌ఎంఎస్‌లో పెట్టినం. చివరి స్లైడ్ దాకా చూసినా కొందరికి ‘ఇన్‌కంప్లీట్’ అనే పడుతోంది. ఎక్కడ చూడాలె?

జవాబు: అన్నా, ముందు సస్పెండ్ డేటా (ఎక్కడ ఆగిండ్రో కోర్సు దాచుకునే సమాచారం) చూడు. 1.2లో దానికి 4,096 అక్షరాలే హద్దు. స్లైడ్లు, క్విజ్‌లు ఎక్కువైతే నిండిపోతది. మళ్ల తెరిస్తే ఎక్కడ ఆగిండ్రో గుర్తుండదు. స్కార్మ్ 2004 అనే తర్వాతి వెర్షన్ నాలుగో ఎడిషన్‌లో 64,000 గానీ, మూడ్ల్ దాన్ని పూర్తిగా సపోర్ట్ చెయ్యదు. కోర్సును రెండు ముక్కలు చేసుడే మేలు.

ఇంకో జవాబు: కొందరికే అంటే నాకు ఫోన్ల మీదే అనుమానం. ఎగ్జిట్ నొక్కకుండా బ్రౌజర్ మూస్తే ఫినిష్ కాల్ (కోర్సు మూసినమని చెప్పే సందేశం) సర్వర్‌కు చేరకపోవచ్చు. స్కార్మ్ సెట్టింగుల్లో ఆటో కమిట్ (డేటా దానంతటదే సేవ్ అయ్యే సెట్టింగు) ఆన్ చెయ్యండి. పాస్ మార్కులు ప్యాకేజీలో ఎంతున్నయో కూడా చూడండి.

ప్రశ్న వేసినాయన: అవును, ఫోన్లోళ్లే. ఆటో కమిట్ ఆఫ్‌లో ఉండె.