జౌల్ ఉండగా ఈ ఎలక్ట్రాన్ వోల్ట్ ఎందుకు?

బెంజిసర్కిల్ నాన్న: మావాడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. మొన్న వీకెండ్ టెస్టులో లెక్క: సీజియం వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ బయటికి రావడానికి కావాల్సిన కనీస శక్తి) 2.14 ఈవీ, అంటే ఎలక్ట్రాన్ వోల్ట్, 400 నానోమీటర్ల కాంతి పడింది, బయటికొచ్చే ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజ శక్తి ఎన్ని జౌల్స్? వాడు 0.96 పెట్టాడు, మార్కు పోయింది. శక్తికి జౌల్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు? పైగా పేరులో వోల్ట్! దీన్ని సిలబస్‌లోంచి తీసేయాలంటాను.

బ్రాడీపేట మాస్టారు: మీ ఇంటి కరెంటు బిల్లు జౌల్స్‌లో వస్తోందా? ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. ఇంటికి అది పెద్ద కొలత, పరమాణువుకి ఇది చిన్న కొలత. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్ట్ తేడాను దాటితే వచ్చే శక్తే ఒక ఎలక్ట్రాన్ వోల్ట్, 1.6 × 10⁻¹⁹ జౌల్. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడబెరకాలంటే 13.6 ఈవీ. జౌల్స్‌లో రాస్తే దశాంశం తర్వాత 17 సున్నాలు.

బెంజిసర్కిల్ నాన్న: సున్నాల సంగతి కాదండీ. వోల్ట్ శక్తి ఎలా అవుతుంది?

బ్రాడీపేట మాస్టారు: వోల్ట్ కాదు, ఎలక్ట్రాన్ ఆవేశం ఇంటూ వోల్ట్. మీ బిల్లులో కిలోవాట్ అవర్ అని ఉంటుంది, అవర్ ఉంది కాబట్టి అది టైమా?

మిర్చియార్డు: బిల్లు మాట ఎత్తకండి సార్, ఈ నెల గుండె ఆగింది.

బెంజిసర్కిల్ నాన్న: సరే, కాంతికి ఆవేశమే లేదు. ఫోటాన్, అదే కాంతి రేణువు, దాని శక్తిని ఈవీలో ఎలా చెబుతారు? దీనికి జవాబు చెప్పండి చాలు.

బ్రాడీపేట మాస్టారు: మూర మల్లెపూలు కొంటారు. పూలకి మోచెయ్యి ఉందా?

కృష్ణలంక సోల్డరింగ్: మల్టీమీటర్ ఉంటే చూడండి. ఎర్ర ఎల్ఈడీ రెండు వోల్టుల లోపే వెలుగుతుంది, నీలానికి రెండున్నర దాటాలి. ఎర్ర ఫోటాన్ సుమారు 1.9 ఈవీ, నీలం 2.6. జౌల్స్‌లో రాస్తే ఈ పోలిక కంటికే ఆనదు.

బెంజిసర్కిల్ నాన్న: మల్లెపూలు, ఎల్ఈడీలు! లక్షన్నర ఫీజు కట్టాను. ఫోటాన్ శక్తి కావాలంటే 1240ని నానోమీటర్లతో భాగించు అని షార్ట్‌కట్ నేర్పారు, వచ్చింది ఏ యూనిట్‌లోనో ఎవరూ చెప్పలేదు. మీ లెక్చరర్లంతా ఇంతే.

బ్రాడీపేట మాస్టారు: ఆగండి. నేను బోర్డు మీద ఆ 1240 ఎక్కడిదో రాబడుతుంటే, పేరెంట్స్ మీటింగులో తండ్రులే లేచి "అవన్నీ ఎందుకు, బిట్లు చేయించండి" అన్నారు. మర్నాడే నా సెక్షన్ మార్చారు. ఇప్పుడు యూనిట్ తీసేయమంటున్నారు. తీసేయాల్సింది అది కాదు.

మిర్చియార్డు: అదీ అసలు మంట.

బెంజిసర్కిల్ నాన్న: బిట్లు చేయించమని నేనూ అడిగాను. యూనిట్ చెప్పొద్దని అనలేదు.

బ్రాడీపేట మాస్టారు: చెప్పాలంటే గంట కావాలండీ. ఆ గంటనే మీరు బిట్లకి ఇమ్మన్నారు. మీవాడి లెక్కే చూడండి. 1240 బై 400, 3.1 ఈవీ. అందులో 2.14 తీస్తే 0.96 ఈవీ, అంటే 1.54 × 10⁻¹⁹ జౌల్. 0.96 జౌల్ అంటే చిన్న జామకాయని మీటరు ఎత్తుకి లేపే శక్తి. ఒక్క ఎలక్ట్రాన్‌కి అంత ఉంటుందా అని వాడికి అనుమానం రావాలి. వచ్చిందా?

బెంజిసర్కిల్ నాన్న: రాలేదు. ఇప్పుడే అడిగాను, నవ్వుతున్నాడు. అయినా ఆ పేరు మాత్రం తప్పే.